ఇద్దరు నూకరాజులు, ఒకటే కార్డు

ఆ ఆదివారం పొద్దున్న పెద్ద నూకరాజుని కోరల్ బే క్యాసినో గేటు దగ్గర ఆపేశారు. ముందు ఆపింది మనిషి కాదు, మిషను. పాస్‌పోర్టు పెట్టగానే పచ్చ దీపం వెలగాల్సిన చోట ఎర్ర దీపం వెలిగింది. పక్కనున్న గార్డు వచ్చి చూసి, పాస్‌పోర్టుని మర్యాదగా రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

"సర్, మిమ్మల్ని లోపలికి రానివ్వొద్దని రాసి ఉంది."

"ఎవరు రాశారు?"

"మీరే, సర్."

ఇంకొకరైతే గేటు దగ్గరే రభస చేసేవారు. నూకరాజుకి కోపం కంటే ముందు కుతూహలం పుట్టింది. తనని లోపలికి రానివ్వొద్దని తను ఎప్పుడు చెప్పాడు? ఎందుకు చెప్పాడు? ఆ మనిషి తత్వమే అంత. అనకాపల్లి దగ్గర చిన్న ఊరు వాళ్ళది. సింగపూర్‌లో జురాంగ్ వైపు షిప్‌యార్డులో వెల్డింగ్ ఫోర్‌మన్. నలభై దాటినా 'ఎందుకు' అని అడగకపోతే తిన్నది అరగదు ఆయనకి. సింగపూర్‌కి కొత్తగా వచ్చిన వాళ్ళంతా జరిమానాలకి భయపడి రూల్స్ బట్టీ పడతారు. ఈయన మాత్రం రైల్లోకి డురియన్ పండు ఎందుకు తేకూడదో తేల్చుకోవాలని ఆ పండు కొని, డార్మిటరీకి తెచ్చి, మంచం మీద కూర్చుని కోశాడు. ఆ కంపుకి ఆ రాత్రి గదిలోని వాళ్ళందరూ వరండాలో పడుకున్నారు. రూలు ఎందుకు పెట్టారో ఆయనతో పాటు వాళ్ళకీ తెలిసొచ్చింది.

ఇంతకీ నూకరాజు జూదగాడు కాదు. ఈ దేశపు పౌరులు డబ్బు కట్టి లోపలికి పోవాలి గానీ, పరాయి దేశం పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి ప్రవేశం ఉచితం. నెలకో ఆదివారం వెళ్ళి, చిన్న నోటు ఒకటి ఆట మిషన్లో పెట్టి, అన్నిటికన్నా తక్కువ పందెం మీద, సినిమా చూసినట్టు నింపాదిగా ఆడి, నోటు అయిపోగానే లేచి వచ్చేసేవాడు. ఆయనకి కావాల్సింది ఆట కాదు, కార్డు మీద పడే పాయింట్లు. ఆ పాయింట్లు కొన్నేళ్ళు పోగేస్తే, పుట్టినరోజు వచ్చే నెలలో పైనున్న హోటల్లో సముద్రం వైపు గది ఒక రాత్రికి ఊరికే ఇస్తారు.

ఆ గది ఆయనకి ఎందుకంటే, జూలైలో భార్య కల్పన వస్తోంది. మొట్టమొదటిసారి. ఆయనకిచ్చిన వర్క్ పాస్ మీద భార్యని తెచ్చి కాపురం పెట్టే వీలు లేదు. తను ఉండేది రెండంతస్తుల మంచాల డార్మిటరీలో. ఆవిడ దిగేది యీషున్‌లో తెలిసిన వాళ్ళ ఫ్లాట్‌లో, హాల్లో, వాళ్ళ పిల్లల పక్కన. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళ సంసారం సగానికి సగం ఫోన్లోనే నడిచింది. ఎవరూ తలుపు కొట్టని గదిలో ఒక్క రాత్రి ఇద్దరూ ఉండాలని ఆయన కోరిక. పైకి చెప్పుకోవడానికి సిగ్గు గానీ, కోరిక మాత్రం బలమైనది. వీడియో కాల్లో ఆ హోటల్ చూపించి, "ఆ పైన కిటికీ అగుపడతందా? అదే మన గది" అన్నాడు కూడా. కల్పన ఆ మాట వీధిలో అందరికీ చెప్పేసింది.

"మెంబర్ల కౌంటరు బయటే ఉంది, అక్కడ అడగండి" అన్నాడు గార్డు.

కౌంటర్ దగ్గర చూస్తే తిరునాళ్ళలా ఉంది. ఆ నెల నుంచే క్యాసినో వాళ్ళు పాత పెర్ల్ కార్డు తీసేసి, టైడ్ అని కొత్త కార్డు పెట్టారు. అందులో ఏవేవి తగ్గించారో ఒక్కొక్కరికీ అప్పుడప్పుడే తెలుస్తోంది. ముందున్న చైనీస్ పెద్దాయన, ఇన్నాళ్ళూ తన కార్డు చూపిస్తే ఇచ్చే నూడుల్స్ గిన్నె ఇప్పుడు ఎందుకు ఇవ్వరని బల్ల గుద్దుతున్నాడు. గిన్నె ధర ఆయనకి లెక్క కాదట, పరువు లెక్కట. ఆయన వెనక పట్టు జాకెట్ వేసుకున్న ఆవిడ, తను గోల్డ్ మెంబరైతే ఇప్పుడు మామూలు మెంబరని ఎలా రాశారని, ఇంట్లో కోడలికి మొహం ఎలా చూపించాలని నిలదీస్తోంది. ఇంకొకాయన పార్కింగ్ గురించి కేకలేస్తున్నాడు. నూకరాజు తన పని మరిచిపోయి అందరి గోడూ వినేశాడు. ఓడిపోయిన డబ్బు గురించి ఒక్కరూ మాట్లాడరు, ఊరికే వచ్చేది పోయిందని మాత్రం ఇంత గొడవ, ఇదేం విచిత్రమో అనుకున్నాడు. వరసలో తన వంతు వచ్చింది.

కౌంటర్లో ఉన్న అమ్మాయి పేరు కీర్తిక. వాళ్ళ ముత్తాత ఎప్పుడో విశాఖ వైపు నుంచి వచ్చి, సెంబవాంగ్‌లో ఇంగ్లీషు వాళ్ళ నౌకాస్థావరంలో పని చేశాడు. ఆ అమ్మాయి తెలుగులో తమిళం, మలయ్, ఇంగ్లీషు అన్నీ ఉంటాయి. పాస్‌పోర్టు మీద పేరు చూసి మొహం వెలిగింది.

"తెలుగా అంకుల్? చెప్పండి. మీకు కూడా మకాన్ వోచర్ పోయిందా?"

"భోజనం కాదమ్మా. మనిషినే పోయేను. నాను లోపలికి రాకూడదని నానే రాసేనంట. ఎప్పుడు రాసేనో కాస్త సూసి సెప్తావేటి?"

కీర్తిక కంప్యూటర్లో వెతికింది. కనుబొమ్మలు ముడుచుకున్నాయి. "అంకుల్, కొత్త రూల్ ఒక మనిషికి ఒకటే కార్డు. మీకు రెండు ఉండె. సిస్టమ్ కలిపేసింది."

"నాకు ఒకటే ఉంది."

"అదే పేరు, అదే ఇంటిపేరు, అదే పుట్టినరోజు, అదే డార్మిటరీ అడ్రస్. పాస్‌పోర్టు నంబర్ రెన్యువల్‌కి మారిపోద్ది కదా, అందుకని అది చూడరు. ఇన్ని ఒకటే అయితే ఇద్దరు మనుషులంటే ఎవరు నమ్ముతారు లా?"

నూకరాజు కాసేపు ఆలోచించి పకపకా నవ్వాడు. వెనక పార్కింగ్ మనిషి కూడా ఏమిటా అని తొంగి చూశాడు.

"జూలై ఒకటా? మా క్లాసులో సగం మంది పుట్టింది జూలై ఒకటినేనమ్మా. మా దశరథరామయ్య మేస్టారు బడిలో సేర్చుకున్నప్పుడు ఎప్పుడు పుట్టేడని అడిగితే, గాలివానొచ్చిన ఏడు అని ఒకరు, గేదె ఈనిన మర్నాడు అని ఒకరు సెప్పేరు. ఆయనకి ఇసుగొచ్చి అందరికీ జూలై ఒకటి పెట్టీసేడు. మరి పేరంటావా, మొక్కుకుని పుట్టిన పిల్లలందరికీ నూకాలమ్మ తల్లి పేరే. ఒక్క బెంచీ మీద ముగ్గురు నూకరాజులం కూకునేవోళ్ళం."

కీర్తిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, మా ముత్తాతకి కాయితాల్లో జనవరి ఒకటి! ప్రతి న్యూ ఇయర్‌కి కేక్ కోసి, ఎంత మంచి రోజు పుట్టాడు తాత అని మెచ్చుకుంటాం. అది కూడా ఎవరో ఊరికే రాసిందేనా?"

"ఊరికే కాదమ్మా. పని జరగాలని రాసింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత కీర్తిక గొంతు తగ్గించింది. "ఎవరని నేను చెప్పకూడదు అంకుల్. కానీ మీ పేరుతో ఇంకొకాయన, తనని క్యాసినోలోకి రానివ్వొద్దని తనే రాసిచ్చారు. ఆట మానలేనివాళ్ళు అలా రాసివ్వొచ్చు, గవర్నమెంట్ పెట్టింది. కార్డులు కలిసినప్పుడు ఆ ఎర్ర గుర్తు మీకు వచ్చేసింది."

"మరి నా గది?"

అక్కడే ఉంది చిక్కు. పాత పాయింట్లతో జూలై గది రాయించుకోవడానికి గడువు ఆ నెలాఖరు వరకే, ఆ తర్వాత అవి పోతాయి. పై ఆఫీసుకి రాస్తే వాళ్ళు ఆ రెండో మనిషికి ఫోన్లు చేసి, విచారించి, తేల్చేసరికి నెలలు పడుతుంది. ఎర్ర గుర్తు ఉన్నంతవరకూ కంప్యూటర్ కార్డులు విడదీయనివ్వదు, కాబట్టి తొందరగా కావాలంటే దారి ఒకటే. ఆ రెండో నూకరాజు తన మీద పెట్టుకున్న నిషేధం ఎత్తేయమని అర్జీ పెట్టుకుని, ఆ రసీదుతో ఈ కౌంటర్ దగ్గరికి రావాలి. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే మేనేజరు అప్పటికప్పుడు కార్డులు వేరు చేస్తాడు. గది దక్కుతుంది.

"ఆయన్ని మీకు తెలుసా అంకుల్?" అంది కీర్తిక, ఉండబట్టలేక.

"కనుక్కుంటాను" అన్నాడు నూకరాజు.

రైల్లో కూర్చుని తమ ఊరి నూకరాజుల్ని ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. ఒకడు గల్ఫ్‌లో ఉన్నాడు. ఇంకొకడు ఊళ్ళోనే కొబ్బరికాయల వ్యాపారం చేస్తున్నాడు. ఇంకొకడు బడి మానేసి వైజాగ్ వెళ్ళాక మళ్ళీ జాడ లేదు. ఎవరబ్బా తన పేరు పెట్టుకుని తన గేటు మూసేసిన వాడు అని సరదాగా మొదలైన ఆలోచన, జురాంగ్ ఈస్ట్ వచ్చేసరికి సరదా పోయి బరువెక్కింది. ఇంటిపేరు, డార్మిటరీ కూడా కలవాలంటే ఇక మిగిలింది ఒక్కడే. చిన్నాన్న కొడుకు చిన్న నూకరాజు. తనకన్నా కొన్ని వారాలు చిన్న. అదే షిప్‌యార్డు, అదే డార్మిటరీ, కింది అంతస్తు. పుట్టినరోజున చేరే కొత్త మెంబర్లకి టోపీ ఊరికే ఇస్తారని వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి కార్డు చేయించింది తనే. ఆ తర్వాత వాడు కొన్నాళ్ళు వచ్చి మానేశాడు. విసుగుపుట్టి మానేశాడనే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

సాయంత్రం వాణ్ణి తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి రమ్మన్నాడు. ఇక్కడి వాళ్ళలా టిష్యూ పొట్లం పెట్టి బల్ల ఆపుకుని, రెండు టీలు తెచ్చాడు. చిన్న నూకరాజు వచ్చి కూర్చున్నాడు. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు, కళ్ళ కింద నలుపు తగ్గింది. ఈ మార్పు ఇదివరకే కళ్ళబడింది గానీ కారణం అడగలేదు. అన్నిటికీ ఎందుకని అడిగే మనిషి, పక్కనున్న తమ్ముణ్ణి ఒక్క మాట అడగలేదు.

"ఒరే, నన్ను క్యాసినోలోంచి గెంటించీసేవురా" అన్నాడు నవ్వుతూనే.

చిన్న నూకరాజు టీ గ్లాసు కింద పెట్టేశాడు. మొహం పాలిపోయింది. మెల్లిగా చెప్పడం మొదలెట్టాడు. మొదట్లో నెలకోసారే. తర్వాత జీతం పడిన రోజు. తర్వాత షిఫ్టు అవగానే బూట్లతోనే. ఇంటికి పంపాల్సింది పంపలేదు. అమ్మ ఆపరేషన్ అని ఒకసారి, ఏజెంటు మోసం అని ఒకసారి అందరికీ అబద్ధాలు చెప్పాడు. ఒక పొద్దున్న వెల్డింగ్ చేస్తుంటే కళ్ళ ముందు నిప్పురవ్వలు మిషన్ మీది బొమ్మల్లా తిరిగాయి. చెయ్యి కాలింది. మర్నాడే వెళ్ళి రాసిచ్చేశాడు.

"నాకు సెప్పొచ్చు కదరా."

"నీకే సెప్పలేకపోయేను అన్నియ్యా. నువ్వు నోటు పెడతావు, అయిపోతే లేచొచ్చీస్తావు. అలాగ నాకెందుకు రాదో నాకు తెలీదు." కాలిన చెయ్యి రెండో చేత్తో రుద్దుకున్నాడు. "గేటు కాడ నన్నాపీసే మిషనొకటుందని తెలిసేకే నిద్ర పడతంది. అది లేపోతే నన్ను నాను ఆపలేను."

పెద్ద నూకరాజు తన టీ పక్కకి జరిపాడు. అడగకూడదనుకుంటూనే గది సంగతి, కల్పన సంగతి, కార్డులు కలిసిపోయిన సంగతి చెప్పేశాడు. ఎంతైనా ఆశ ఊరుకోదు.

చిన్న నూకరాజు విన్నాడు. విన్న మరుక్షణం లేచి నిలబడ్డాడు. "ఓస్, ఇంతేనా! వొదిన కోసం ఆపాటి చెయ్యలేనా? రేపే అర్జీ పెట్టీస్తాను. ఆదివారం ఇద్దరం ఎల్దాం." టీ సగం అలాగే ఉంది. మొహం ఎర్రబారింది, మాట వేగం పెరిగింది. "ఎలాగూ తీయించీసినాక, నీకు తోడుగా ఒక్కపాలి లోపలికొచ్చి సూసొచ్చీస్తాను. ఆడను. ఊరికే సూస్తాను." మాట్లాడుతున్నంతసేపూ వాడి కుడిచేతి చూపుడు వేలు బల్ల అంచు మీద ఒకే చోట, ఆట మిషన్ బటన్ నొక్కినట్టు నొక్కుతూ ఉంది. వాడికది తెలియడం లేదు.

పెద్ద నూకరాజు ఆ వేలు వైపే చూస్తూ ఉండిపోయాడు. వాడి మాటలో వదిన మీద ప్రేమ నిజమే. ఆ ప్రేమని ముందు పెట్టుకుని వెనక వస్తున్నది ఏమిటో కూడా తెలుస్తూనే ఉంది. వాడికి అంతకన్నా మంచి సాకు జన్మలో దొరకదు.

"కూకో. టీ తాగు" అన్నాడు. "ఆదివారం నాటికి సూద్దుంలే. ఆలోగా నువ్వేటీ కదపకు."

ఆదివారం ఒక్కడే వెళ్ళాడు. కౌంటర్ దగ్గర నూడుల్స్ పెద్దాయన మళ్ళీ వచ్చి ఉన్నాడు. కీర్తిక దూరం నుంచే చెయ్యి ఊపింది. "దొరికారా అంకుల్, రెండో నూకరాజు?"

నూకరాజు గొంతు సవరించుకున్నాడు. "రెండోవోడెవుడూ లేడమ్మా. నానే రాసేను. మరిసిపోయేను."

కీర్తిక నవ్వింది, వేళాకోళమనుకుని. ఆయన నవ్వకపోవడం చూసి ఆగిపోయింది. "పోయినవారం ఒకే బెంచీ మీద ముగ్గురం అన్నారు కదా?"

"అన్నాను. ఆళ్ళు వేరే. ఇది నానే."

"అంకుల్, అలా ఒప్పుకుంటే పాయింట్లు పోతాయి. గది పోద్ది. మీకు లోపలికి ఎంట్రీ ఉండదు. పై ఆఫీసుకి అయినా రాయనా? వాళ్ళే ఆయనకి ఫోన్ చేసి…"

"ఒద్దమ్మా. ఎవరికీ ఫోన్లు చెయ్యించకు. అదలాగే ఉండనీ."

కీర్తిక ఆయన మొహంలోకి చూసింది. "సరే అంకుల్" అని తమిళంలోనో తెలుగులోనో ఏదో గొణుక్కుంటూ ఎంటర్ నొక్కింది. బయటికొచ్చాక నూకరాజుకి ఏడుపొచ్చినంత పనైంది. ఎంత కాదనుకున్నా ఆ గది మీద ఆయనకి అంత ఆశ ఉంది. తల ఎత్తి ఆ కిటికీల వైపు చూడకుండా స్టేషన్ దాకా నడిచాడు.

జూలైలో కల్పన వచ్చింది. యీషున్ హాల్లో పిల్లల పక్కన పడుకుంది. గది దొరకలేదని ఫోన్లోనే చెప్పాడు గానీ, ఎందుకు దొరకలేదో చెప్పలేదు. మొదటి ఆదివారం సాయంత్రం ముగ్గురూ ఆ హోటల్ ముందున్న సముద్రపు గట్టు మీద కూర్చున్నారు. చిన్న నూకరాజు డార్మిటరీలో తనే కోడికూర వండి, అన్నం, గోంగూర పచ్చడి డబ్బాల్లో పెట్టి తెచ్చాడు. కల్పన మాత్రం డబ్బాల మూతలు తియ్యకుండా ఆ మేడ వైపే చూస్తోంది.

"రాత్రికి ఉండనివ్వపోతే మానె. ఒకపాలి లోపలికెల్లి సూసొచ్చీడానికేటి? అందరూ ఎల్తన్నారు కదా."

"నన్ను రానివ్వరు" అన్నాడు పెద్ద నూకరాజు.

"ఎందుకు రానివ్వరు? ఏటి సేసేవు?"

ఆయన తమ్ముడి వైపు చూడలేదు. "ఆట అలవాటైపోయింది. మానలేక, నన్ను రానివ్వొద్దని నానే రాసిచ్చీసేను."

కల్పన చేతిలోని గరిటె కింద పెట్టేసింది. ఇన్నేళ్ళు ప్రతి రాత్రీ ఫోన్లో మాట్లాడిన మనిషి, తనకి తెలియని మనిషై పక్కన కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఒక్క ముక్క సెప్పలేదు నాకు" అంది. ఆయన సముద్రం వైపు తిరిగాడు. నిజం చెబితే ఆవిడ ముఖం తమ్ముడి వైపు తిరుగుతుందని ఆయనకి తెలుసు.

చిన్న నూకరాజు అన్నం డబ్బా కింద పెట్టి లేచి నిలబడ్డాడు. అన్న వద్దన్నట్టు చెయ్యి చాచాడు గానీ వాడు ఆ చెయ్యి చూడలేదు.

"అన్నియ్య కాదొదినా. అన్నియ్య ఏ పాపం ఎరగడు. ఆడింది నాను, రాసింది నాను. ఇంటికి పంపకుండా తగలెట్టింది నాను." ఇంకో మనిషి ముందు ఆ మాట పూర్తిగా అనడం వాడికి అదే మొదటిసారి. "నీ గది పోయింది నా మూలానే."

కల్పన ముందు మొగుడి వైపు చూసింది. తర్వాత మరిది వైపు చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"రాసినాక మళ్ళీ ఎల్లేవా?"

"లేదొదినా."

"మరైతే అలా నిలబడతావేటి?" అంటూ డబ్బా మూత తీసి, తన పక్కన చోటు చేసింది. "కూకో. అన్నం తిను."